మర బిగించగానే సైటు అమరదు

రైఫిలు ఇంకా ఇంటికి రాలేదు. బారెలు ఎంత పొడుగో తెలియదు. ఏ దూరంలో కాల్చాలో తేల్చుకోలేదు. ముందే ఫోను: "అంకుల్, గురి చూసే సైట్లలో బెస్టు ఏది?" నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళికొడుకు ఎవరో తెలియకుండానే చెప్పులు కొనడానికి బయల్దేరినట్టుంటుంది వీళ్ళ వరస.

అడిగేవాళ్ళు మంచి కుర్రాళ్ళే, అందులో అనుమానం లేదు. టెక్సాస్ నుంచి, కొలరాడో నుంచి మన తెలుగు పిల్లలు కొందరు ఈమధ్య పాతకాలపు ఒంటితూటా రైఫిళ్ళ మీద మనసు పడుతున్నారు. నాకు చాలా సంతోషం. ఒక్క తూటా పెట్టి, కాల్చి, ఖాళీ షెల్లు తీసి, మళ్ళీ ఇంకొకటి పెట్టుకునే ఆట ఇది. తొందర ఉన్నవాడికి ఇందులో చోటు లేదు. కానీ సైటు దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక ఎటుపోతుందో! అన్నిటికన్నా ఖరీదైనది ఆర్డరిస్తారు, పెట్టె విప్పుతారు, రెండు మరలు బిగిస్తారు, మర్నాడు రేంజిలో ఉంటారు. గుండు కుడికి పోతోందని ముందు సైటును తిడతారు, తర్వాత తుపాకిమందును తిడతారు, చివరికి గాలిని తిడతారు.

మా రోజుల్లో సైటు అమర్చడానికి వారాలు పట్టేది. ఆ వారాల్లోనే రైఫిలు ఏమిటో తెలిసేది.

నేను చెప్పే రైఫిళ్ళు షార్ప్స్, రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్, 1885 వించెస్టర్, వాటి చుట్టాలైన బల్లార్డ్, స్టీవెన్స్. అడవిదున్నల మందల్ని కాల్చిన తుపాకులుగానే జనం వీటిని గుర్తుపెట్టుకున్నారు. అంతకన్నా గొప్ప చరిత్ర వీటికి గురిపందేల్లో ఉంది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో క్రీడ్ అనే కుటుంబం పొలాన్ని కొని క్రీడ్‌మూర్ అని రేంజి కట్టారు. 1874 సెప్టెంబరు 26న అక్కడ ఐర్లండు జట్టుకూ అమెరికా జట్టుకూ పోటీ జరిగింది. ఒక్కో జట్టులో ఆరుగురు. 800, 900, 1000 గజాల్లో మనిషికి పదిహేనేసి గుళ్ళు. ఐర్లండువాళ్ళవి రిగ్బీ తుపాకులు, మూతి నుంచి మందు కూరేవి. అమెరికావాళ్ళవి వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళు, చెరి మూడు. 934కి 931, అమెరికా గెలిచింది. ఐర్లండు జట్టులో మిల్నర్ అనే ఆయన 900 గజాల దగ్గర నడిబొడ్డులోనే కొట్టాడు, కాకపోతే పక్కవాడి టార్గెట్‌లో. నాలుగు పాయింట్లు పోయాయి, పందెం అక్కడే పోయింది. చివరి గుండు అమెరికా జట్టులోని కల్నల్ బోడైన్‌ది. అల్లం బీరు సీసా పగిలి చెయ్యి కోసుకుపోయి, రక్తం కారుతుంటే రుమాలు చుట్టుకుని కాల్చి 1000 గజాల్లో నడిబొడ్డునే కొట్టాడు.

ఈ కథ చెప్పగానే కుర్రాళ్ళు బోడైన్ చేతి గురించే మాట్లాడతారు. నేను మాత్రం ఆయన కంటి ముందు ఏముందో చూడమంటాను. అద్దం లేదు, టెలిస్కోపు లేదు. వెనక ట్యాంగు మీద, అంటే స్టాకు మెడ పైన ఉండే ఇనప తోక మీద, నిలబెట్టిన వెర్నియర్ సైటు, దాని నడుమ సన్నటి బెజ్జం. ముందు బారెలు చివర చిన్న గొట్టం, అందులో మార్చుకునే ఇన్సర్టు (రింగో, మొనో), గాలికి పక్కకు జరుపుకునే మర, కింద నీటిబుడగ లెవెలు. అంతే. దానితో దాదాపు కిలోమీటరు దూరాన మూడడుగుల నల్లమచ్చను కొట్టారు. అమెరికా జట్టులో హెప్బర్న్ రెమింగ్టన్ కంపెనీలో పనిచేసే మనిషి, యేల్ షార్ప్స్ కంపెనీ మనిషి. తుపాకీ చేసేవాడూ కాల్చేవాడూ ఒకడే. సైటు ఎందుకలా ఉందో తెలిసినవాడే దాన్ని వాడాడు. ఇవాళ పోయినది అదే.

నాకు మొదట గురి నేర్పింది ఎన్‌సీసీ. కాలేజీ మైదానం చివర మట్టిగట్టు, కింద పరిచిన గోనెపట్టా, చేతిలో పాయింట్ టూ టూ రైఫిలు. అదీ ఒంటితూటాదే. ఉస్తాద్ మొదటి రోజు తూటాలు ఇవ్వలేదు. శిస్త్ తీసుకోవడమే పని. ముందు మొన, వెనక గాడి, టార్గెట్ మూడూ ఒక్క గీతలోకి వచ్చేదాకా అదే. ఎండలో చెమట కంట్లోకి కారుతున్నా లేవనిచ్చేవాడు కాదు. "కన్ను మొన మీద పెట్టు, టార్గెట్ మసకగా ఉంటే ఉండనీ" అనేవాడు. ఇన్నేళ్ళలో నేను చదివిన ఏ పుస్తకమూ దీనికి మించింది చెప్పలేదు.

తర్వాత అమెరికా వచ్చాను. న్యూమెక్సికోలో రాటన్ అనే ఊరి దగ్గర విటింగ్టన్ సెంటరని 33,000 ఎకరాల రేంజి ఉంది. 1985లో అక్కడ బ్లాక్ పౌడర్ రైఫిళ్ళతో ఇనప బొమ్మల పోటీ మొదలైంది. 200 మీటర్లలో కోళ్ళు, 300లో పందులు, 385లో టర్కీలు, 500లో పొట్టేళ్ళు. కోళ్ళను నిలబడి కాల్చాలి, మిగతావాటికి కత్తెర కర్రల ఆసరా ఉంటుంది. రైఫిలు 1896కి ముందటి నమూనా అయ్యుండాలి, హ్యామర్ బయటికి కనిపించాలి, బరువు 12 పౌన్ల 2 ఔన్సులు దాటకూడదు. గుండు తగిలిన చప్పుడు కొండను తాకి తిరిగొచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని వినడం, బొమ్మ మెల్లగా వెనక్కి ఒరగడం, ఇవి ఒకసారి అలవాటైతే మనిషి ఇక వేరే ఆటకు పనికిరాడు.

ఆ రోజుల్లో మంచి సైటు దొరకడమే గగనం. తుపాకుల సంతల్లో బల్లలన్నీ గాలిస్తే పాత లైమన్ ట్యాంగు సైటు ఒకటి కనపడేది. దానికి ఒక మర ఉండేది కాదు, కన్ను పెట్టి చూసే బెజ్జమున్న ఐకప్పు ఉండేది కాదు. లేతు ఉన్న స్నేహితుడిని బతిమాలి మర చేయించుకునేవాళ్ళం. అలా చేయించుకున్నందువల్ల ఆ మర అంగుళానికి ఎన్ని చుట్లో, ఒక చుట్టుకు సైటు నిలువు పలక (స్టాఫు) మీద బెజ్జం ఎంత లేస్తుందో, ఆ లేచినదానికి గుండు ఎక్కడ పడుతుందో బుర్రలో ఉండిపోయేది. 1990లో క్విగ్లీ సినిమా వచ్చింది. అందులో హీరో టామ్ సెలెక్ చేతిలో పొడుగాటి షార్ప్స్ చూసి జనం ఎగబడ్డారు. మోంటానాలో బిగ్ టింబర్ అనే చిన్న ఊళ్ళో షార్ప్స్ రైఫిళ్ళు చేసేవాళ్ళకు ఊపిరి సలపలేదు. ఇటలీ నుంచి పెడర్సోలి రైఫిళ్ళు వచ్చాయి. సైట్లు చేసేవాళ్ళు కూడా పుట్టుకొచ్చారు. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను: ఇవాళ దొరికే మంచి వెర్నియర్ సైట్లు పనితనంలో 1870ల నాటి వాటికి తీసిపోవు, కొన్ని వాటికన్నా బిగువుగా ఉంటాయి. మర తిప్పితే వదులు ఉండదు. నా సణుగుడు సైటు చేసేవాడి మీద కాదు, దాన్ని కొని ఊరుకునేవాడి మీద.

సరే, ఎంపిక సంగతి. మొట్టమొదట తేల్చుకోవాల్సింది దూరం. ట్యాంగు సైటు స్టాఫులు పొట్టివీ, మధ్యరకానివీ, పొడుగువీ ఉంటాయి. పొడుగుది 1000 గజాలకు. ఇప్పుడందరూ పొడుగుదే కొంటారు, "ఎప్పటికైనా పనికొస్తుంది కదా" అని. వాళ్ళ ఊళ్ళో రేంజి చూస్తే 200 గజాలు. పొడుగు స్టాఫు అడ్డుతగులుతుంది, ఊగుతుంది, మడిస్తే చేతికి గీసుకుంటుంది. నాలుగు దూరాల ఇనప బొమ్మలాటకు మధ్యరకం నిక్షేపంగా సరిపోతుంది.

ఇంకో విషయం అసలెవరూ ఆలోచించరు. స్టాఫు మీద బెజ్జం పైకి పోయేకొద్దీ కన్ను కూడా పైకి పోవాలి. కన్ను పోతే చెంప మడమచెక్క (స్టాకు) మీద నుంచి లేచిపోతుంది. చెంప గాల్లో ఉన్నవాడికి గురి ఒక్కచోట నిలవదు. మడమ కిందికి బాగా వంగిన పాత నమూనా స్టాకుకు పొడుగు స్టాఫు పెడితే ఇదే అవస్థ. క్రీడ్‌మూర్ రోజుల్లో కొందరు వెల్లకిలా పడుకుని, కాళ్ళ మీద బారెలు ఆన్చి కాల్చేవాళ్ళు. వాళ్ళు వెనక సైటును ట్యాంగు మీద కాకుండా మడమ చివరికి జరుపుకున్నారు. కన్ను అక్కడుంటుంది కాబట్టి సైటు అక్కడికే వెళ్ళింది. ముందు మనిషి ఎలా పడుకుంటాడో చూసి, తర్వాత సైటు ఎక్కడ పెట్టాలో ఆలోచించారు. మీరూ స్టాకు భుజాన పెట్టి, కళ్ళు మూసుకుని, చెంప హాయిగా ఆనాక కళ్ళు తెరిచి చూడండి. కన్ను ఎంత ఎత్తులో ఉందో స్నేహితుడిని స్కేలు పెట్టి కొలవమనండి. ఆ కొలత చేతిలో ఉన్నప్పుడు కొట్టువాడితో మాట్లాడండి.

తర్వాతది లెక్క. వెనక బెజ్జానికీ ముందు సైటుకూ మధ్య దూరం కొలవాలి. అది 34.38 అంగుళాలైతే మన అదృష్టం. స్టాఫు మీద బెజ్జాన్ని అంగుళంలో నూరో వంతు లేపితే గురి సరిగ్గా ఒక నిమిషం కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) లేస్తుంది. అంటే 100 గజాల్లో అంగుళం పైన కొంచెం, 1000 గజాల్లో పదిన్నర అంగుళాలు. 30 అంగుళాల బారెలుకు ట్యాంగు దాకా కలుపుకుంటే ఇంచుమించు అక్కడికే వస్తుంది, అందుకే పాతవాళ్ళకు ఈ లెక్క నోటికి వచ్చేది. వెర్నియర్ పలక మీద 0.005 అంగుళం దాకా చదవచ్చు, అంటే అర నిమిషం. ఇవాళ ఆ గీతలు చదవడం రాక, "క్లిక్కులు లేవేంటి అంకుల్" అని అడుగుతారు. వెర్నియర్ స్కేలు కొత్త వింతేమీ కాదు, 1631 నుంచి ఉంది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో మనవాళ్ళందరూ వెర్నియర్ కాలిపర్స్‌తో గోళీ వ్యాసం కొలిచి రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నవాళ్ళే! అదే స్కేలు ఇక్కడ నిలువుగా ఉంది. ఒక సాయంత్రం కూర్చుంటే మళ్ళీ వచ్చేస్తుంది.

ఇక బిగింపు. "రోలింగ్ బ్లాక్‌కు సైటు" అని పేరు చెప్పి తెప్పించుకుంటే కుదరదు. అసలు పాత రెమింగ్టన్ ట్యాంగు వేరు, ఇటలీ నుంచి వచ్చే కొత్తదాని ట్యాంగు వేరు. మరల మధ్య దూరం, ట్యాంగు వంపు, మర చుట్లు అన్నీ కొలవాలి. సైటు అడుగు పలక, అంటే బేసు, వచ్చాక దాని అడుగున దీపపు మసి పల్చగా రాసి ట్యాంగు మీద ఆన్చి తియ్యాలి. మసి రెండు చివర్లా అంటి మధ్యలో అంటకపోతే బేసు వంపు కుదరలేదని అర్థం. అప్పుడు బలవంతంగా బిగించారనుకోండి, బేసు వంగుతుంది, దానితో స్టాఫు వంగుతుంది, తుపాకీ వేడెక్కినప్పుడల్లా కొంచెం కొంచెం కదులుతుంది. ఓపిగ్గా రాసి, చూసి, ఆకురాయితో ఒక్కో పోటు తీసి, మళ్ళీ రాసి చూడాలి. షార్ప్స్ లాంటివాటిలో వెనక మర చెక్కలోకే దిగుతుంది. చలికాలం చెక్క ఎండితే ఆ మర వదులవుతుంది. ఎన్నో రైఫిళ్ళు "ఈ సీజన్లో కాల్చడం లేదు" అని అమ్ముడుపోవడం చూశాను, ఆ మర మీద స్క్రూడ్రైవరు పెట్టి చూసినవాడే లేడు. ఇంకో మాట, ఐకప్పుకూ కంటికీ మధ్య ఎడం ఉండాలి, లేకపోతే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కంటికి తగులుతుంది. 45-70 తూటా మెల్లగా నెట్టే తూటా అని చాలామంది ధీమా. నెట్టుడు నెట్టుడే, కన్ను కన్నే. పడుకుని కాల్చేటప్పుడు ఆ ఎడం ఇంకా తగ్గిపోతుంది, అది కూడా ముందే చూసుకోవాలి.

ముందు సైటు బారెలు మీద డవ్‌టెయిల్ గాడిలో కూర్చుంటుంది. మామూలుగా మూడెనిమిదుల అంగుళం గాడి. గాడి బిగువుగా ఉంటే సుత్తి తీసుకుని బాదుతారు ఇప్పటివాళ్ళు. మూడు ముఖాల ఆకురాయిలో ఒక ముఖం నున్నగా రుద్దుకుని, ఆ ముఖం గాడి అడుగున ఉండేలా పెట్టి పక్కగోడల్ని మాత్రమే రెండేసి పోట్లు తీస్తూ రావాలి. సైటు మూడోవంతు దాకా చేత్తో దూరి, ఆపైన ఇత్తడి కడ్డీతో తట్టితే వెళ్ళాలి. దిగేది కుడివైపు నుంచి, తీసేది ఎడమవైపు నుంచి. ఒక పోటు ఎక్కువ తీశారా, తిరిగి పెట్టలేరు. అందుకే మా రోజుల్లో ఈ పని పొద్దున్నే, కాఫీ తాగాక, ఎవరితోనూ మాట్లాడకుండా చేసేవాళ్ళం.

ముందు సైటు ఎత్తు కూడా లెక్క ప్రకారమే తెలుస్తుంది. వెనక బెజ్జాన్ని అడుగుదాకా దించినా 100 గజాల్లో గుండు 8 అంగుళాలు పైన పడుతోందనుకోండి. 8ని 34తో గుణించి 3,600తో భాగించండి. 0.076 వచ్చింది. ముందు సైటు అంత ఎత్తు పెరగాలి. రెండు నిమిషాల లెక్క. దీనికి బదులు మూడు రకాల ఎత్తుల సైట్లు తెప్పించి, ఒకటి ఉంచుకుని రెండు వాపసు పంపేవాళ్ళను చూస్తున్నాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. నిలువు.

బుడగ మధ్యలో ఉన్నప్పుడు స్టాఫు నిట్టనిలువుగా ఉండాలి. ఈ ఒక్క వాక్యం కోసమే ఇంతసేపూ రాశాను. 1000 గజాలకు ఈ తుపాకులతో గురి 100 నిమిషాలకు పైనే ఎత్తాలి. 100 నిమిషాలంటే మన లెక్కలో స్టాఫు మీద ఒక అంగుళం. స్టాఫు ఒక్క డిగ్రీ వాలి ఉంటే ఆ అంగుళం ఎక్కేలోపు బెజ్జం పక్కకు 0.0175 అంగుళం జరుగుతుంది. అయిదారు వెంట్రుకల మందం, అంతే. టార్గెట్ దగ్గర అది 18 అంగుళాలు. 1000 గజాల టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసమే 20 అంగుళాలు. అంటే నడిమధ్యకు గురిపెట్టినవాడి గుండు ఆ వలయం దాటి బయటపడుతుంది. తప్పు గాలిది కాదు, మందుది కాదు, వాడి చేతిది కూడా కాదు. అంతకన్నా అన్యాయం, 200 గజాల్లో అది కనపడదు. దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది కాబట్టి వాడు అది గాలే అనుకుంటాడు. ఏళ్ళ తరబడి లేని గాలిని సరిచేసుకుంటూ బతుకుతాడు.

పట్టుకోవడం ఎంత తేలికో చూడండి. రైఫిలును గుడ్డ చుట్టి వైసులో పట్టించండి. ముందు సైటు బుడగ మధ్యకు తెచ్చుకోండి. స్టాఫు పూర్తిగా పైకి లేపండి. తాపీమేస్త్రి వాడే తూకపు గుండు ఒకటి రైఫిలు వెనక దారంతో వేలాడదీసి, ఒక కన్ను మూసుకుని దారం పక్కనుంచి స్టాఫు అంచును చూడండి. రెండూ కలిసి పోవాలి. పోకపోతే బేసు కింద ఏ వైపు తక్కువుందో ఆ వైపు పల్చటి రేకు పెట్టాలి. అరంగుళం వెడల్పు బేసుకు ఒక డిగ్రీ సవరించాలంటే 0.009 అంగుళం రేకు కావాలి. సోడా క్యానుల రేకు రెండు మడతలు పెడితే ఇంచుమించు అంతే వస్తుంది. లెవెలునే సర్దుకునే వీలున్న ముందు సైటైతే స్టాఫును దారానికి సమంగా పెట్టి, అప్పుడు బుడగను మధ్యకు తెచ్చుకున్నా చాలు. తుపాకీ ఎలా ఉన్నా పరవాలేదు, స్టాఫూ బుడగా ఒక మాట మీద ఉండాలి.

దీన్ని కాల్చి కూడా రుజువు చేసుకోవాలి. 100 గజాల్లో నాలుగడుగుల ఎత్తు అట్ట నిలబెట్టి, తూకపు గుండు దారం వెంట దాని మీద నిలువుగీత గియ్యండి. గీత అడుగున ఒక మచ్చ. దానికి గురిపెట్టి అయిదు గుళ్ళు. స్టాఫు మీద బెజ్జాన్ని 30 నిమిషాలు లేపి, అదే మచ్చకు గురిపెట్టి మళ్ళీ అయిదు. రెండో గుంపు 31 అంగుళాలు పైన, ఆ గీత మీదే పడాలి. పక్కకు పడితే ఇంటికెళ్ళి మళ్ళీ రేకు సర్దండి. గాలి లేని తెల్లవారుజామున చెయ్యాల్సిన పని ఇది. కుర్రాళ్ళకు చెబితే, "ఇంత ఎందుకు అంకుల్, యాప్‌లో కొడితే వచ్చేస్తుంది" అంటారు. యాప్‌కు తుపాకీ మీద స్టాఫు వాలి ఉందని ఎవరు చెప్పాలి?

పాతకాలం సైన్యంలో కొన్ని సైట్లను కావాలనే ఏటవాలుగా చేశారని ఎవరో ఒకరు నాతో వాదిస్తారు. నిజమే. 1884 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలు మీద బఫింగ్టన్ సైటు అలాంటిదే. బారెలు మెలి వల్ల గుండు ఒకవైపు జరుగుతుంది కాబట్టి ఆ జరుగుడు తనంతట తానే సరిపడేలా లెక్కకట్టి వంచారు. కొలిచి వంచినదానికీ, బిగించేటప్పుడు వంగిపోయినదానికీ పోలికే లేదు.

బెజ్జాల దగ్గరికి వద్దాం. ముందు సైటుకు ఇన్సర్టులు వస్తాయి, కొన్ని రింగులు, కొన్ని నిలువు మొనలు. ఇనప బొమ్మలకు మొన బాగుంటుందనేవాళ్ళున్నారు, గుండ్రటి నల్లమచ్చకు మాత్రం రింగే. రింగు ఎంత ఉండాలి? అందరూ మచ్చను ఒరుసుకునేంత బిగువు రింగు పెడతారు. అలా పెడితే మచ్చ అంచూ రింగు అంచూ కలిసిపోయి, ఏది ఎటు జరిగిందో కన్ను పోల్చుకోలేదు. 200 గజాల్లో 12 అంగుళాల మచ్చ, కంటికి 39 అంగుళాల దూరంలో ఉన్న ముందు సైటు దగ్గర 0.065 అంగుళం అంతే కనపడుతుంది. రింగు దాదాపు 0.1 ఉండనివ్వండి. మచ్చ చుట్టూ తెల్లటి వెలుగు నిండుగా కనపడాలి. ఆ వెలుగు నాలుగువైపులా సమంగా ఉందో లేదో కన్ను తనంతట తానే పసిగడుతుంది. మబ్బు పట్టినప్పుడు ఇంకా పెద్ద రింగు. వెనక బెజ్జానికి 0.040 అంగుళంతో మొదలుపెట్టండి. సన్నదైతే అంతా స్పష్టంగా కనపడుతుంది కానీ వెలుగు తగ్గుతుంది. రకరకాల బెజ్జాలను తిప్పుకునే హాడ్లీ ఐకప్పు ఒకటి ఉంది, పొద్దున్న చీకట్లో ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి తిప్పుకోవచ్చు. నాకిష్టమైన వస్తువుల్లో అదొకటి.

సైటు మెరవకూడదు. మెరిస్తే ఎండ ఏ పక్క నుంచి పడితే ఆ పక్క అంచు పెద్దదిగా కనపడి గురి జరుగుతుంది. పాత షూటర్లు కర్పూరం వెలిగించి ఆ పొగను సైటుకు పట్టించేవాళ్ళు. మా ఇంట్లో దానికి కొదవేముంది? హారతి కర్పూరం బిళ్ళ ఒకటి మూతలో వెలిగించి, సైటు దాని పైన తిప్పితే మఖమల్ లాంటి నలుపు వచ్చేది. పక్కన కాల్చే అమెరికావాళ్ళు ఆ బిళ్ళలు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు డబ్బాలో నల్లరంగు స్ప్రే కొడతారు. అది పొరలు పొరలుగా పేరుకుని ఇన్సర్టు అంచుల్ని మందం చేస్తుంది. కర్పూరం మసి వేలితో తుడిస్తే పోతుంది, మళ్ళీ పట్టుకోవచ్చు.

టెలిస్కోపు పెట్టుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు, అయితే ఒకటి చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ 1855లోనే రైఫిలు టెలిస్కోపులు చెయ్యడం మొదలుపెట్టాడు. పొడుగాటి ఇత్తడి, ఇనప గొట్టాలవి. కాబట్టి ఆ నమూనా స్కోపు పెట్టుకుంటే సంప్రదాయం చెడిందని నేనెప్పుడూ అనను. కంటిచూపు మందగించినవాడు పెట్టుకుంటే మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. ముప్ఫై ఏళ్ళు నిండని కుర్రాడు మొదటి రోజే స్కోపుతో వస్తేనే నాకు బాధ. ముందు మొన మీద కన్ను నిలపడం వాడికి ఎప్పటికీ రాదు. స్కోపులో అంతా ఒకే తలంలో కనపడుతుంది, చెంప కొంచెం తప్పు పెట్టినా దానికి దండన వెంటనే పడదు. బెజ్జంలోంచి చూసేవాడికి తల అరంగుళం జరిగితే చాలు, టార్గెట్టే మాయమవుతుంది. ఆ దండనే శరీరానికి ఒద్దిక నేర్పుతుంది.

కాల్చినదంతా రాసుకోవడం కూడా పోయింది. మా జేబుల్లో చిన్న నోటుబుక్కు ఉండేది. ఏ తూటా, ఏ మందు, ఎంత వేడి, వెలుగు ఎటునుంచి, స్టాఫు ఎంత, గుండు ఎక్కడ. 200 నుంచి 500 మీటర్ల దాకా నా రైఫిలుకు ఎంత తిప్పాలో ఆ కాగితాల్లోనే ఉంది. చలికాలం రాటన్‌లో అదే దూరానికి వేసవిలోకన్నా ఎక్కువ ఎత్తాలని ఆ కాగితాల వల్లే తెలిసింది. చల్లటి గాలి చిక్కగా ఉండి గుండును లాగిపెడుతుంది. యాప్ కూడా అదే చెబుతుంది, కాదనను. అయితే యాప్ చెప్పేది కంపెనీ తూకం వేసిన గుండు గురించి. నా గుండు నేను సీసం కరిగించి పోసుకున్నది.

కళ్ళద్దాల మాట చెప్పకుండా ఆపలేను, నా వయసువాళ్ళు ఫోను చేసేది దీని గురించే. దూరం అద్దాలతో ముందు మొన మసక, చదివే అద్దాలతో టార్గెట్ అలుకుడు, బైఫోకల్‌తో మెడనొప్పి. ముందు సైటు కంటికి ఇంచుమించు మీటరు దూరం. సరిగ్గా దాని మీదే చూపు నిలపాలంటే దూరం పవరుకు ప్లస్ 1 కలపాలి. అందులో సగం, ప్లస్ అర కలిపి ఒకే పవరున్న అద్దాలు చేయించుకోండి. చూపు మొనకూ టార్గెట్‌కూ మధ్యలో కుదురుకుంటుంది, వెనక బెజ్జం సన్నగా ఉండటం వల్ల రెండూ చదవగలిగినంత స్పష్టంగా వస్తాయి. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ముందే టేపు పెట్టి మీ కంటి నుంచి ముందు సైటు దాకా కొలుచుకుని, ఆ అంకె కాగితం మీద రాసుకెళ్ళండి. డాక్టరుకు తుపాకీ గురించి తెలియక్కర్లేదు, ఆ దూరం తెలిస్తే చాలు. అద్దం ఫ్రేము కొంచెం పైకి కూర్చునేది చూసుకోండి. పడుకుని కాల్చేటప్పుడు అద్దం పై భాగంలోంచి చూస్తాం కాబట్టి అద్దం నడిమధ్య కంటి ఎదుటికి రావాలి. కొత్త అద్దాలు వచ్చాక ఇన్సర్టులన్నీ మళ్ళీ ఒకటొకటిగా పెట్టి చూడాలి, పాత రింగు కొత్త కంటికి సరిపోకపోవచ్చు.